అమ్మకు ఓడ రావాలి, నాన్నకు రాకూడదు

మా ఇంట్లో ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఒక వాదన మొదలవుతుంది. నాన్నకు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఎకరంన్నర జీడితోట ఉంది. పిక్కలు ఏరి, ఎండబెట్టి, బస్తాకెత్తి అమ్ముతాడు. అమ్మ కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి వెళ్ళి పప్పుకు పొట్టు తీస్తుంది. “ఆ ఆఫ్రికా పిక్కలు దిగినన్నాళ్ళూ మన పిక్కకు రేటు నేదు” అంటాడు నాన్న. “ఆ పిక్కలు దిగకపోతే దసరాకి నా చేతిలో పని నేదు” అంటుంది అమ్మ. ఒకరికి ఓడ రాకూడదు, ఒకరికి ఓడ రావాలి. ఇద్దరి సంపాదనా చేరేది ఒకే వంటింటికి.

నేను అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం ఎంచుకునే రోజున పలాస జీడి పరిశ్రమ, ఆఫ్రికా దేశాల ఎగుమతి విధానాలు అని రాసుకెళ్ళాను. కమిటీలో ఒక పెద్దాయన ఆ కాగితం చూసి, “ఇది వ్యవసాయం వాళ్ళు చేసుకునే పని. మీరు ఇండో-పసిఫిక్ భద్రత మీద రాయండి, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది” అన్నారు. ఆయన నా మేలు కోరే అన్నారు. కానీ ఆ రోజు నాకు నోట మాట రాలేదు. బస్సెక్కి ఇంటికొచ్చాక, అమ్మ చేతివేళ్ళ మీద పొరలుగా లేచిన చర్మం చూశాక మాట దొరికింది. ఇండో-పసిఫిక్ మ్యాపులో మా ఊరూ ఉంది. అక్కడి విధానాల మంచిచెడ్డలు ముందుగా తగిలేది మా ఇంటికే. అది చదవడం, లెక్కగట్టడం, మన భాషలో చెప్పడం మన విశ్వవిద్యాలయాల బాధ్యత. ఆ బాధ్యత మనం ఇప్పటిదాకా ఎత్తుకోలేదు.

నాన్న పిక్కకు ధర ఎలా తేలుతుందో నా కళ్ళతో చూసింది చెబుతాను. కిందటి మే నెలలో ఆయనతో కలిసి ఒక వ్యాపారి గోదాముకు వెళ్ళాను. అక్కడి మనిషి బస్తాలోకి మొనదేలిన ఇనుప గొట్టం గుచ్చి పిక్కలు బయటికి లాగాడు. కిలో తూచి, ఎన్ని పిక్కలు తూగాయో లెక్కపెట్టాడు. తర్వాత ఒక్కొక్క పిక్కనూ కోసి కుప్పలు పెట్టాడు. మంచిది ఒక కుప్ప, మచ్చ పడ్డది ఒక కుప్ప, లేతది ఒకటి, లొట్టది ఒకటి. పప్పు తూచి, కాగితం మీద ఏదో గుణించి, “నలభై ఎనిమిది” అన్నాడు. దాన్ని అవుట్‌టర్న్ అంటారు. 80 కిలోల బస్తా పిక్కలకు 48 పౌండ్ల పప్పు దిగుతుందని అర్థం. అంటే సుమారు 22 కిలోలు. మా పొలంలో కిలోలు, మా ఇంట్లో కిలోలు, పిక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం పౌండ్లు. పప్పు గ్రేడూ అంతే. డబ్ల్యూ 320 అంటే పౌండుకు 300 నుంచి 320 గుండ్లు తూగే పప్పు.

ఆ అంకె చెప్పాక వ్యాపారి ఫోను తీశాడు. అందులో ఐవరీ కోస్ట్ సరుకు ధర టన్నుకు ఇన్ని డాలర్లని ఉంది. ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి, ఓడ ఖర్చు, సుంకం, విశాఖ రేవు నుంచి లారీ కిరాయి కలిపి, అప్పుడు నాన్నకు ధర చెప్పాడు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర ఇవ్వాలని మా ఉద్దానం ప్రాంత రైతులు కొన్నేళ్ళుగా అడుగుతున్నారు. నాన్నా ఆ ధర్నాల్లో రోడ్డు మీద కూర్చున్నవాడే. అధికారులకు వినతిపత్రాలు ఇచ్చారు, ఎమ్మెల్యేలకు ఇచ్చారు. ధర కట్టే లెక్కలో సగం మాత్రం ఆ ఫోనులో, సముద్రానికి ఆవల ఉంది.

ఆ వ్యాపారిని నేను తప్పు పట్టను. దేశంలో ఏటా పండే పిక్కలు ఏడెనిమిది లక్షల టన్నులు. ఫ్యాక్టరీలకు కావలసింది దానికి రెట్టింపు వరకూ ఉంటుంది. పలాస–కాశీబుగ్గలో ఉన్న వందల యూనిట్లు ఉద్దానం పంట మీదే ఆధారపడితే కొద్ది నెలలకే బాయిలర్లు చల్లారతాయి. మిగతా కాలమంతా ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్, గినియా-బిస్సావ్, టాంజానియా పిక్కలే అమ్మకు కూలి ఇస్తున్నాయి. చిక్కల్లా పంటల కాలంలో ఉంది. మా పిక్క మార్చి నుంచి మే దాకా రాలుతుంది. పశ్చిమ ఆఫ్రికా పిక్కా ఇంచుమించు అదే కాలంలో రాలి ఓడెక్కుతుంది. సరిగ్గా నాన్న బస్తా మూతి కట్టే రోజుల్లోనే ఆ ఓడల బేరాలు కుదురుతాయి. టాంజానియా, మొజాంబిక్ పంట అక్టోబరు తర్వాత వస్తుంది. ఆ సరుకు నాన్నకు పోటీ కాదు, అమ్మకు మాత్రం ఆసరా.

ఇక సుంకం సంగతి. 2016 బడ్జెట్‌కు ముందు పచ్చి పిక్కల మీద దిగుమతి సుంకం లేదు. ఆ ఏడాది 5 శాతం వేశారు. 2018 బడ్జెట్‌లో దాన్ని 2.5 శాతానికి తగ్గించారు. అంతకు ముందే పేద దేశాలతో మన స్నేహం ఇంకో లెక్క తెచ్చింది. 2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన తొలి భారత్–ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సులో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, బాగా వెనకబడిన దేశాల సరుకులకు సుంకం రాయితీ ప్రకటించారు. పత్తి, కోకో, రాగి ఖనిజంతో పాటు జీడి పిక్కల పేరూ ఆ ప్రసంగంలో ఉంది. బెనిన్, గినియా-బిస్సావ్, టాంజానియా ఆ వెనకబడిన దేశాల జాబితాలోవి. ఐవరీ కోస్ట్, ఘనా అందులో లేవు. ఆఫ్రికాతో మైత్రి చాటుకోవడానికి విదేశాంగ శాఖ వేసిన అడుగు అది, మంచి అడుగే. ఆ అడుగు వజ్రపుకొత్తూరులో ఎకరంన్నర రైతు మీద ఎలా పడుతుందో చూడాల్సిన పరిశోధకుడు మాత్రం ఆ రోజు మాకు లేడు. ఈ రోజుకీ లేడు.

పప్పు విషయంలో ప్రభుత్వం గోడ గట్టిగానే కట్టింది. వియత్నాం యంత్రాలతో పిక్క కొట్టడం మొదలుపెట్టి, 2006లో మనల్ని దాటి ప్రపంచంలో జీడిపప్పు ఎగుమతుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. అక్కడి పప్పు ఇక్కడికి చౌకగా వస్తుంటే 2019 జూన్‌లో ముక్క పప్పుకు కిలో 680 రూపాయలు, గుండు పప్పుకు 720 రూపాయలు కనీస దిగుమతి ధరగా పెట్టారు. ఆ జులై బడ్జెట్‌లో పప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచారు. ఈ గోడ అమ్మ పనినీ, ఫ్యాక్టరీ యజమాని వ్యాపారాన్నీ కాపాడుతుంది. నాన్నను కాపాడే గోడ 2.5 శాతం ఎత్తుంది. ఇదంతా కావాలని చేసిన అన్యాయం అనను. బడ్జెట్‌కు ముందు తమ లెక్కలు రాసి పట్టుకెళ్ళగలిగినవాళ్ళు ఒక వైపే ఉన్నారు, అంతే. జీడి ఎగుమతిదారులకు 1955 నుంచీ ఒక మండలి ఉంది. పిక్క ఏరేవాడికి, పొట్టు తీసే ఆవిడకు అలాంటిది ఏముంది?

ఓడ అవతలి ఒడ్డున ఏం జరుగుతోందో కూడా చూడాలి. భద్రత, వాణిజ్యం వేరు వేరు శాస్త్రాలనుకునేవాళ్ళకు జీడి పిక్క మంచి పాఠం. 2012 ఏప్రిల్ 12న గినియా-బిస్సావ్‌లో సైన్యం తిరగబడి ప్రభుత్వాన్ని కూల్చింది. ఆ దేశానికి ఎగుమతి అంటే దాదాపు జీడి పిక్కే. చాలా ఏళ్ళు ఆ పిక్క ఎక్కువగా మన దేశానికే వచ్చింది. సరిగ్గా పంట చేతికొచ్చే రోజుల్లో అక్కడ తుపాకులు లేచాయి. 2018 నవంబరులో టాంజానియా అధ్యక్షుడు జాన్ మగుఫులి, వ్యాపారులు రైతుకు తక్కువ ధర ఇస్తున్నారని పిక్కలు కొనడానికి ఏకంగా సైన్యాన్నే దించారు. సైనికుల లారీల్లో జీడి బస్తాలు కదిలాయి. దానికి సరిగ్గా నెల ముందు, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం దాటింది. నాన్న తోటలో చెట్లు వేళ్ళతో సహా లేచి పడ్డాయి. కొత్త మొక్క నాటి నాలుగైదేళ్ళు ఆగితేనే కాపు. ఇక్కడ చెట్టు లేదు, అక్కడ పిక్క సైన్యం గుప్పిట్లో ఉంది. ఆ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చూపిన పత్రికగానీ, పాఠంగానీ నాకు కనబడలేదు. ఒక కార్మికురాలికి ఆ చలికాలంలో పనిదినాలు ఎన్ని తగ్గాయో రాసుకున్నవాళ్ళూ కనబడలేదు.

బెనిన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్కల ఎగుమతి నిషేధిస్తున్నామని చెప్పి, గ్లో-జిగ్బే పారిశ్రామిక వాడలో తన పిక్కను తానే కొట్టే ఫ్యాక్టరీలు పెట్టింది. ఆ కబురు పలాసకొచ్చిన రోజున అమ్మ నన్ను అడిగింది: “ఏటే, ఆళ్ళు పిక్కలు ఆపేస్తారంట. ఎందుకాపుతారు?” నేను మొజాంబిక్ కథ చెప్పాను. ఒకప్పుడు ప్రపంచంలో జీడి పంటకు పెట్టింది పేరు ఆ దేశం. సొంత ఫ్యాక్టరీలు ఉండేవి. 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పు ఇస్తూ, పచ్చి పిక్కల ఎగుమతి మీద ఆంక్షలు సడలించమంది. సడలిస్తే రైతుకు మంచి ధర వస్తుందన్నది బ్యాంకు వాదన. పిక్కలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి, అక్కడి ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడ్డాయి, వేల మంది పని పోయింది. మార్గరెట్ మెక్‌మిలన్, డాని రోడ్రిక్, కారెన్ హార్న్ వెల్చ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2002లో దీని మీద లెక్క తీశారు. జీడి రైతు కుటుంబానికి ఆ సంస్కరణ వల్ల ఏడాదికి కలిసొచ్చింది సగటున ఐదు డాలర్ల పైచిలుకేనని తేలింది. లాభంలో పెద్ద వాటా మధ్య వ్యాపారులకు పోయింది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. “అయితే ఆ ఆడోళ్ళ పనే మనకొచ్చిందన్నమాట” అంది చివరికి. నా పరిశోధనలో ఇంతకన్నా బరువైన వాక్యం నాకు ఎదురుపడలేదు. బెనిన్‌లో ఒక ఆవిడ తన కూతురి ఫీజు కోసం పొట్టు తీసే పని కోరుకుంటే అది అమ్మ మీద పగ కాదు. ఉద్దానం మేలు కోరేవాళ్ళం ఆ ఆవిడనూ లెక్కలోకి తీసుకోవాలి. మొజాంబిక్‌కు ఆ ముగ్గురు పరిశోధకులు చేసిన పని పలాసకు చేయగలవాళ్ళు ఎవరు? సుంకం అర శాతం పెరిగితే రైతుకు బస్తా మీద ఎంత వస్తుంది, కార్మికురాలికి ఎన్ని పనిదినాలు పోతాయి, మధ్యలో ఎవరి దగ్గర ఎంత ఆగుతుంది? ఇది వాణిజ్య విధానంలో అచ్చమైన పరిశోధన ప్రశ్న. ఎక్కడో విదేశంలో కూర్చునే తేల్చాలని రూలేమీ లేదు.

మా ప్రాంతానికి పరిశోధకులు రాలేదని కాదు. ఇక్కడ ఊరూరా పాకిన కిడ్నీ జబ్బు కారణం వెతకడానికి దేశ విదేశాల నుంచి వచ్చారు. మా రక్తం తీశారు, మా బావి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. వాళ్ళకు దండం పెడతాను. పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వెలిశాయి, హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్ళు వచ్చాయి. అది మేం అడగ్గా, వాళ్ళు రుజువులు చూపగా జరిగింది. రుజువు ఉన్న గోడుకే ప్రభుత్వం దగ్గర విలువ. మా కూలికీ, ధరకీ సంబంధించిన గోడుకు ఇప్పటికీ రుజువు లేదు.

సముద్రం వైపు చూసినా ఇదే లోటు. మా తీరంలో వేట సరిగా సాగక మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్లెక్కుతారు. 2018 చివర్లో మా జిల్లా, విజయనగరం జిల్లా మత్స్యకారులు అలా వెళ్ళి పాకిస్తాన్ గస్తీ వాళ్ళకు చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర ఇరవై మంది మన గడ్డ మీద అడుగుపెట్టేదాకా ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. ఆ కథ సినిమా అయింది, ప్రేమ కథగా అందరం చూశాం, కన్నీళ్ళు పెట్టుకున్నాం. సముద్ర చట్టం గురించి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది. భారత్, పాకిస్తాన్ రెండూ దాన్ని ఒప్పుకున్నాయి. దాని 73వ అధికరణ ప్రకారం, సముద్రంలో తీర దేశానికి వేట హక్కులుండే ప్రత్యేక ఆర్థిక మండలంలో వేట నిబంధన దాటిన వాళ్ళకు, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వేయకూడదు. తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపలి జలాల్లో చిక్కితే సంగతి వేరు. రెండు దేశాల మధ్య సర్ క్రీక్ సరిహద్దు తగాదా తేలనందువల్ల అక్కడ గీత ఎక్కడుందో రెండు ప్రభుత్వాలకే ఏకాభిప్రాయం లేదు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. బోటు చిక్కిన రోజున ఇంటి ఆడవాళ్ళు ఏ ఆఫీసుకు వెళ్ళాలి, ఏ కాగితం అడగాలి, ఏ తేదీకి ఎదురుచూడాలి? ఇవన్నీ తెలుగులో రాసి మంచినీళ్ళపేటలో, నువ్వలరేవులో, భావనపాడులో చదివి వినిపించగల మనిషి కావాలి. అది అంతర్జాతీయ న్యాయం చదివినవాళ్ళ పని.

విదేశాల వ్యవహారం మాకు కొత్తేమీ కాదు. మా తాతల నాడు ఈ తీరం నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, ఆ వెంటనే వాళ్ళ మీద జరిగిన దాడులు, 1942లో యుద్ధానికి తాళలేక కాలినడకన తిరిగొచ్చిన జనం, ఇవి మా ఇళ్ళలో ముసలివాళ్ళ నోట నలిగిన మాటలు. ఆ తరం వాళ్ళకు తమ మీద నిర్ణయాలు ఎక్కడ జరిగాయో తెలియలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కోస్తా రొయ్యల రైతుకూ అదే జరిగింది. చెరువులో రొయ్య ఎదుగుతుండగానే ధర పడిపోయింది. వందేళ్ళు గడిచినా నిర్ణయం ఒక చోట, దెబ్బ ఒక చోట అయితే మనం చదువుకున్నది ఎందుకు?

తెలుగు నేల మీద విదేశీ అధ్యయనాలు లేవని కాదు. ఉస్మానియాలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం, తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రం ఏనాడో పెట్టారు.  కాకినాడలో విదేశీ వాణిజ్య సంస్థ ప్రాంగణం మొదలైంది. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఫ్రెంచి నేర్పుతారు. మా జిల్లాకు ఎచ్చెర్లలో 2008 నుంచీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. దీపాలు ఉన్నాయి, మా వీధిలోకి వెలుగు పడేలా ఒక్కటీ పెట్టలేదు.

అందుకే నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఎచ్చెర్లలో వాణిజ్య విధానం, సముద్ర చట్టం, ఆఫ్రికా దేశాలు అనే మూడు విషయాల మీద ఏటా నాలుగైదు పరిశోధన సీట్లు, వాటికి ఫెలోషిప్ ఇవ్వండి. ఐవరీ కోస్ట్, బెనిన్ గెజిట్లు ఫ్రెంచిలో, గినియా-బిస్సావ్, మొజాంబిక్‌వి పోర్చుగీసులో వస్తాయి. ఆ భాషల్లో ఒకటైనా నేర్పించండి. ప్రతి పరిశోధకుడూ ఒక పంటకాలం పలాస యూనిట్లలో, ఒక వేటకాలం రేవుల్లో గడపాలని నియమం పెట్టండి. సిద్ధాంత గ్రంథంతో పాటు ఇరవై పేజీల తెలుగు సారాంశం ఇచ్చి, అది ఏ ఊరి గురించో ఆ ఊళ్ళో చదివితేనే పట్టా ఇవ్వండి. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఆ రేవులో ఏ సరుకు దిగాలి, జీడి పిక్కలు విశాఖకు బదులు అక్కడ దిగితే పలాసకు ఎంత మిగులుతుంది, నాన్నకు ఎంత పోతుంది అన్న లెక్క రేవు తెరిచే ముందే తేలాలి.

నాకూ ఒక అభిప్రాయం ఉంది, దాచుకోను. పచ్చి పిక్కల మీద ఏడాదంతా ఒకే సుంకం ఉండటం మా ఇంటికి సరిపోదు. మన పంట దిగే మూడు నెలలు సుంకం కాస్త ఎక్కువ, మిగతా తొమ్మిది నెలలు ఏమీ లేకుండా చేయాలి. అలా వచ్చిన డబ్బు రైతు మద్దతు ధరకే వాడాలి. వ్యాపారులు సరుకు ముందే దింపుకుని గోదాముల్లో పెట్టుకుంటారన్న అభ్యంతరం నాకు తెలుసు. అది నిజమైన అభ్యంతరమే. అందుకే దాన్ని ధర్నా నినాదంగా కాక పరిశోధన ప్రశ్నగా ముందు పెడుతున్నాను.

ఈ మధ్య ఒక ఆదివారం నా థీసిస్‌లోని పట్టిక ఒకటి తెలుగులో రాసి అమ్మకీ నాన్నకీ చూపించాను. ఒక వరుసలో బస్తా ఖర్చు, ఒక వరుసలో నెలనెలా పనిదినాలు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, పిక్కలు ఏరే కూలి నేను తక్కువ వేశానని ఒక అంకె కొట్టేసి పక్కన రాశాడు. అమ్మ రెండు అంకెలు దిద్దించింది. వానాకాలంలో పప్పు చెమ్మగిల్లితే పొట్టు ఊడదని, ఆ నెలల్లో పని ఉన్నా చేతికి అందే కూలి సగమేనని చెప్పింది. ఐదేళ్ళలో ఆ పట్టిక ఎన్నో సెమినార్లు చూసింది. ఆ మూడు తప్పులూ అక్కడ ఎవరికీ కనబడలేదు.